దూరదేశపు ఖైదు, మనవారి వకాలతు

పొట్ట చేతబట్టుకొని ఊరు దాటడం ఈనాడు పుట్టిన సంగతి కాదు. వాన పడని ఏడు మెట్టనుంచి డెల్టాకు, డెల్టాలో కూలి దొరకని ఏడు సముద్రం దాటి పోవడం మన గోదావరి మండలాల వారికి తాతల నాటి అలవాటు. కామవరపుకోట, జంగారెడ్డిగూడెం, చింతలపూడి వైపు మెట్ట గ్రామాల్లో గానీ, తాడేపల్లిగూడెం, పాలకొల్లు, నరసాపురం ప్రాంతాల్లో గానీ, కొల్లేటి ఒడ్డు ఊళ్లలో గానీ కువైట్, మస్కట్, బహ్రెయిన్, ఖతర్ అనే పేర్లు ముసలమ్మలకు కూడా నోటికి వచ్చు. అక్కడి జీతంతో ఇక్కడ ఇంటికి శ్లాబు పడుతుంది, చెల్లెలి పెళ్లి జరుగుతుంది, తమ్ముడు కాలేజీలో చేరుతాడు. ఇవన్నీ అందరికీ కనిపించే సంగతులు.

కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. పోయిన మనిషి ఒకరోజు ఫోను ఎత్తడు. వారం తర్వాత ఎవరో తోటి కూలీ ద్వారా కబురు వస్తుంది, పోలీసులు పట్టుకుపోయారని. ఆ కబురు వచ్చిన ఇంట్లో మొదట పుట్టేది భయం, రెండవది సిగ్గు. ఆడపిల్ల అయితే ఆ సిగ్గు పదింతలు. చుట్టాలకు చెప్పరు, పక్కింటివారికి తెలియనివ్వరు. ఏజెంటు కాళ్లావేళ్లా పడతారు. అతను ఇదిగో అదిగో అంటూ నెలలు గడుపుతాడు. ఈ లోపల అక్కడ జరగవలసిన విచారణ జరిగిపోతుంది.

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంఘం పెద్దలు కోరినప్పుడు రాజుల కథలకంటే ఈ విషయమే మేలని మాకు తోచింది. దూరదేశంలో చెరబడ్డ మనిషికి చట్టం ఎప్పుడు అక్కరకు వచ్చింది, ఎప్పుడు రాలేదు, వచ్చినప్పుడు ఎవరి చలవ వల్ల వచ్చింది అనేది తెలుసుకుంటే, రేపు మన వీధిలో అలాంటి కబురు వచ్చిననాడు ఏం చేయాలో కొంతైనా తెలుస్తుంది.

పని వదిలితే నేరం

మన తెలుగువారి వలస చరిత్రకు గుర్తు కోరంగి రేవు. కాకినాడ దగ్గరి ఈ రేవునుంచి ఓడలెక్కి బర్మా పోయినవారు ఎంతమందంటే, అక్కడివారు తెలుగువాడిని చూస్తే కోరంగీ అనేవారు. దక్షిణాఫ్రికాకు మద్రాసునుంచి బయలుదేరిన మొదటి కూలీల ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ దారిన పోయిన కూలీల్లో తమిళులతో పాటు తెలుగువారు కూడా అధికంగా ఉన్నారు. వీరంతా గిరిమిటి కూలీలు. అంటే అయిదేళ్ల ఒప్పందం మీద వేలిముద్ర వేసి పోయినవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మామూలు ఒప్పందం తప్పితే సివిలు కోర్టులో నష్టపరిహారం దావా వేస్తారు. కూలీ ఒప్పందం తప్పితే మాత్రం జైలు. నాటాల్‌లో యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా తోట దాటి తిరిగితే కూలీని పట్టుకొని శిక్షించేవారు. అంత దూరం ఎందుకు, మన దేశంలోనే 1859 నాటి 13వ చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకొని పనికి రాని కూలీని మేజిస్ట్రేటు జైలుకు పంపవచ్చు. ఆ చట్టం 1926 దాకా బతికే ఉంది. యజమానిని విడిచిపోవడమే ఒక నేరమన్న మాట. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోవాలని పాఠకులకు మనవి. వంద సంవత్సరాల తర్వాత గల్ఫులో ఇదే మాట మళ్లీ ఎదురవుతుంది.

అలాంటి కూలీకి చట్టసహాయం దొరికిన తొలి ఉదాహరణల్లో ఒకటి అందరికీ తెలిసిన మనిషి చేసిందే. 1894లో డర్బన్‌లో బాలసుందరం అనే తమిళ కూలీ యజమాని చేతిలో దెబ్బలు తిని, పళ్లు విరిగి, నెత్తురు కారుతూ కొత్తగా వకీలుగా స్థిరపడిన గాంధీ గారి దగ్గరికి వచ్చాడు. ఆయన ఆవేశపడి ఉపన్యాసం చెప్పలేదు. ముందు డాక్టరు దగ్గరికి పంపి గాయాలకు సర్టిఫికెట్టు రాయించారు. ఆ తర్వాత నేరుగా మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లి అఫిడవిట్ దాఖలు చేయించారు. యజమానికి సమన్లు వెళ్లాయి. ఆయన కోరింది యజమానికి శిక్ష పడాలని కాదు, కూలీకి ఆ యజమాని దగ్గరనుంచి విముక్తి కావాలని. కూలీల రక్షకాధికారి ద్వారా బాలసుందరాన్ని మరొక యజమానికి బదిలీ చేయించారు. అలా చేయకుండా ఆ మనిషి తనంతట తాను తోట వదిలి పోయి ఉంటే అతడే నేరస్థుడయ్యేవాడు.

ఈ చిన్న కేసులో నాలుగు పాఠాలు ఉన్నాయి. సాక్ష్యం ముందు, ఆవేశం తర్వాత. ఆలస్యం చేయకూడదు. సరైన అధికారి ఎవరో తెలుసుకోవాలి. పగ కంటే విడుదల ముఖ్యం. నూటముప్పై ఏళ్లు గడిచినా ఈ నాలుగూ మారలేదు.

ఒడ్డున నిలబడ్డ సంఘం

రెండవ ఉదాహరణ కెనడాది. అది పంజాబు వారి కథ అయినా మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. 1913లో పనామా మారు అనే ఓడలో వచ్చిన భారతీయుల్లో ముప్పైమందికి పైగా మనుషులను తిప్పి పంపాలని అధికారులు నిర్బంధించారు. అక్కడి మనవారు ఎడ్వర్డ్ బర్డ్ అనే వకీలును పెట్టుకొని హెబియస్ కార్పస్ వేశారు. మనిషిని ఎందుకు పట్టుకున్నారో కోర్టు ముందు నిలబెట్టి చెప్పండి అని అడిగే అర్జీకి అది పేరు. ప్రధాన న్యాయమూర్తి హంటర్ ప్రభుత్వ ఉత్తర్వులు చట్టానికి అనుగుణంగా లేవని తేల్చి వారిని విడిచిపెట్టారు. ప్రభుత్వం ఊరుకోలేదు. ఉత్తర్వులను మళ్లీ పకడ్బందీగా రాయించింది.

మరుసటి సంవత్సరం 1914 మే 23న కొమగాట మారు వాంకూవర్ చేరింది. అందులో 376 మంది. ఎక్కువమంది సిక్కులు, 24 మంది ముస్లింలు, 12 మంది హిందువులు. ఓడ దిగనివ్వలేదు. రెండు నెలలు నీళ్ల మీదే బందీలు. ఒడ్డున ఉన్న భారతీయులు ఒక కమిటీ వేసుకున్నారు. అందులో హుసేన్ రహీమ్, భాగ్ సింగ్ వంటి వారు ముందున్నారు. గురుద్వారాలో సభ పెట్టి, రంపపు మిల్లుల్లో పనిచేసే కూలీలు తమ కూలి డబ్బులు వేసుకొని, ఓడ అద్దె బాకీకే 22 వేల డాలర్లు పోగుచేశారు. మళ్లీ బర్డ్‌నే వకీలుగా పెట్టుకున్నారు. తన కక్షిదారులను కలవడానికే ఆ వకీలుకు అడ్డంకులు కల్పించారు. మున్షీ సింగ్ అనే ప్రయాణికుడి పేరు మీద కేసు నడిచింది. జులై 6న అప్పీలు కోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. జులై 23న ఓడ వెనక్కి తిరిగింది. నూరేళ్లు దాటాక, 2016 మే 18న కెనడా ప్రధాని వారి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

అంటే వకీలు ఉంటే ప్రతిసారీ గెలుస్తామని కాదు. మొదటి ఓడవారు గెలిచారు, రెండవ ఓడవారు ఓడారు. కానీ రెండు ఓడలకూ ఒడ్డున ఒక కమిటీ ఉంది. ఆ కమిటీ లేకపోతే మొదటి గెలుపు కూడా ఉండేది కాదు. అందులో సిక్కు, హిందూ, ముస్లిం అందరూ ఒకే చందా పుస్తకంలో పేర్లు రాయించుకున్నారనేది మన సంఘం వంటివి ప్రత్యేకంగా గమనించవలసిన విషయం.

మన దేశపు చట్టాలు

గిరిమిటి పద్ధతి 1917లో ఆగింది. 1922లో వలసల చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మన రాజ్యాంగం 22వ అధికరణంలో, అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలని, తనకు ఇష్టమైన వకీలును సంప్రదించుకునే హక్కు ఉందని, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాసుకున్నాం. 1976లో 39-ఎ చేర్చి పేదవారికి ఉచిత న్యాయసహాయం ఇవ్వడం ప్రభుత్వ ధర్మమన్నాం. 1979లో హుసేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు, శిక్షాకాలం కంటే ఎక్కువ కాలం విచారణ లేకుండా బీహారు జైళ్లలో మగ్గుతున్నవారిని చూసి, వకీలు లేని విచారణ న్యాయమైన విచారణ కాదని చెప్పింది. 1983లో షీలా బర్సే కేసులో, ఎవరినైనా అరెస్టు చేస్తే పోలీసులు న్యాయసహాయ కమిటీకి, ఆ మనిషి చెప్పిన బంధువుకు తెలియజేయాలని చెప్పింది. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995లో అమలుకు వచ్చింది. దాని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఏలూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆ చట్టం కింద ఏర్పడినదే.

ఇవన్నీ ఈ గడ్డ మీద పనిచేసే చట్టాలు. కువైట్ పోలీసు స్టేషన్లో మన 22వ అధికరణం చెల్లదు. మరి అక్కడ దిక్కెవరు?

దానికి జవాబు 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒడంబడిక, 36వ అధికరణం. పరాయి దేశస్థుడిని పట్టుకుంటే, నీ దేశపు దౌత్య కార్యాలయానికి చెప్పమంటావా అని అతనిని అడగాలి. అతను చెప్పమంటే జాప్యం లేకుండా చెప్పాలి. ఆ కార్యాలయం వారు వచ్చి ఖైదీని కలవవచ్చు, వకీలును ఏర్పాటు చేయవచ్చు. మన దేశం 1977లో ఇందులో చేరింది. పాకిస్తాను జైల్లో ఉన్న కులభూషణ్ జాదవ్ విషయంలో 2019 జులై 17న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, పాకిస్తాను ఈ అధికరణాన్ని ఉల్లంఘించిందని తీర్పు చెప్పింది. అంత పెద్ద కేసుకూ, మన పల్లెనుంచి వంటపనికి పోయిన ఆడపడుచుకూ ఆధారం అదే అధికరణం. అయితే మెలిక ఒక్కటే. ఖైదీ తానుగా అడగాలి. ఆ హక్కు ఉందని తెలియని మనిషి ఏమని అడుగుతుంది? అందుకే పోయేముందే చెప్పి పంపాలి.

గల్ఫు కాలం

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశాల్లో పనులు పెరిగాయి. తెలంగాణ జిల్లాలనుంచి మగవారు కట్టుబడి పనులకు, కడప, గోదావరి జిల్లాలనుంచి ఆడవారు ఎక్కువగా ఇంటిపనులకు పోయారు. 1983లో కొత్త వలసల చట్టం వచ్చింది. రిక్రూటింగు ఏజెంటుకు లైసెన్సు ఉండాలని, పది పాసుకాని వారు కొన్ని దేశాలకు పోవాలంటే రక్షకాధికారి అనుమతి ఉండాలని నియమం పెట్టారు. నాటాల్ నాటి రక్షకాధికారి పేరే మళ్లీ ఇందులో కనిపిస్తుంది. ఇంటిపని స్త్రీకి 30 ఏళ్లు నిండాలన్నారు. 2016లో ఇంటిపని స్త్రీలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్నారు. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అనే సంస్థ అటువంటిది. ఈ నియమాలను తప్పించుకోవడానికి విజిటింగ్ వీసా మీద పంపే ఏజెంట్లు బయలుదేరారు. అలా పోయిన మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. పట్టుబడ్డప్పుడు వెతకడమే కష్టమవుతుంది.

1990లో ఇరాకు కువైట్‌ను ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేల మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. యుద్ధంలో చిక్కినవారికోసం దేశం యావత్తూ కదిలింది. విడివిడిగా ఒక్కొక్క మనిషి చిక్కుకున్నప్పుడు మాత్రం ఒక్కొక్క ఇల్లే కదలాలి. అక్కడే కష్టం.

గల్ఫులో మన వారు పట్టుబడడానికి ముఖ్య కారణం దొంగతనాలు, హత్యలు కావు. యజమాని ఇల్లు వదిలి పోవడం, అకామా గడువు దాటడం. అక్కడి పద్ధతిని కఫాలా అంటారు. కఫీల్ అంటే పూచీదారు. కూలీ ఆ దేశంలో ఉండడానికి అనుమతి ఆ పూచీదారు పేరుతో ముడిపడి ఉంటుంది. ఇంట్లో జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, తిండి పెట్టకపోయినా, చెప్పకుండా బయటికి వస్తే యజమాని ఫిర్యాదు రాయిస్తాడు. సౌదీలో దానిని హురూబ్ అంటారు, కువైట్‌లో తగయ్యుబ్ అంటారు. ఆనాడు నాటాల్‌లో చీటీ లేకుండా తోట దాటిన కూలీకీ, ఈనాడు ఇల్లు దాటిన పనిమనిషికీ భేదం ఏముంది? కొంత భేదం ఉన్నదనే చెప్పాలి. కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసి ఇంటిపని వారికి వారంలో ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని నియమించింది. పాస్‌పోర్టు యజమాని దాచుకోకూడదన్నది. చట్టం ఉంది. నాలుగు గోడల మధ్య దానిని చదివి వినిపించేవారు లేరు.

మధ్యమధ్య ఆ దేశాలు క్షమాభిక్ష ప్రకటిస్తాయి. కువైట్ 2018 జనవరి 29నుంచి ఏప్రిల్ 22 దాకా ఇచ్చింది. 2020 ఏప్రిల్లో మళ్లీ ఇచ్చి, జరిమానా లేకుండా టిక్కెట్టు కూడా తామే ఇస్తామన్నది. కరోనా మూలంగా ఇక్కడ విమానాలు ఆగిపోయి, పేర్లు రాయించుకున్నవారు అక్కడి క్యాంపుల్లో వారాల తరబడి ఎదురుచూశారు. 2024లో కువైట్, యు.ఎ.ఇ. రెండూ ఇచ్చాయి. ఈ గడువులు ఎవరికోసం ఆగవు. కబురు సమయానికి ఇంటికి చేరితే మనిషి జరిమానా లేకుండా వస్తుంది. చేరకపోతే మళ్లీ దొంగచాటు బతుకే.

ఉర్దూ వచ్చినవారికి ఒక హెచ్చరిక

ఉర్దూ మాస్టార్లం కాబట్టి మా దగ్గరికి అప్పుడప్పుడు అరబ్బీ కాగితాలు వస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూపించి, "మాస్టారూ, మా ఆపా మీద ఏం కేసు రాశారో కాస్త చదివి పెట్టండి" అంటారు. అక్షరం మనదే, చదవగలం. భాష మనది కాదు. నాలుగు తెలిసిన మాటలు కనిపించగానే మొత్తం తెలిసినట్టు అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం.

ఒక్క మాట చాలు ఉదాహరణకు. మన తెలుగు కోర్టుల్లో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాది. అదే మాట రెండు భాషల్లో తలకిందులు. వకీలు, వకాలతు, జామీను, ఖైదు, హాజరు అనే మాటలు మనకు కోర్టు ద్వారా వచ్చి తెలుగైపోయాయి గనుక వాటి మీద మనకు చనువు ఎక్కువ. ఆ చనువుతో అరబ్బీ కాగితం మీద సంతకం పెట్టించకూడదు. జీతం మొత్తం ముట్టినదని రాసిన రసీదు కావచ్చు, నేరం ఒప్పుకున్నట్టు రాసిన వాంగ్మూలం కావచ్చు. తర్జుమా చేయగలిగిన అధికారి ద్వారా గానీ వకీలు ద్వారా గానీ చదివించుకున్న తర్వాతనే సంతకం. మేము అడిగినవారికి చెప్పేది ఇదే: ఇందులో తేదీ, కేసు నంబరు, స్టేషను పేరు మాత్రం రాసి ఇస్తాము, అర్థం మాత్రం తెలిసినవారినే అడగండి. నిజానికి మొదటి రోజున కావలసింది కూడా ఆ మూడే.

రక్తధనం

పెద్ద నేరాల విషయంలో గల్ఫు చట్టంలో దియత్ అనే పద్ధతి ఉంది. హతుని వారసులు క్షమించి పరిహారం తీసుకుంటే మరణశిక్ష తప్పవచ్చు. ఇది కొనుగోలు వ్యవహారం కాదు. క్షమించడం, క్షమించకపోవడం పూర్తిగా వారసుల ఇష్టం. క్షమించినా ప్రభుత్వం తరఫు శిక్ష మిగిలే ఉండవచ్చు.

తెలంగాణలోని సిరిసిల్ల ప్రాంతపు అయిదుగురు కూలీలు నేపాల్ దేశస్థుడైన ఒక వాచ్‌మన్ హత్య కేసులో దుబాయిలో శిక్షపడి జైల్లో ఉన్నారు. ఆనాటి సిరిసిల్ల శాసనసభ్యులు కె.టి.రామారావు గారు నేపాల్ వెళ్లి ఆ వాచ్‌మన్ కుటుంబానికి 15 లక్షల రూపాయలు అందజేసి క్షమాపణ పత్రం తెచ్చారు. అయినా వెంటనే విడుదల కాలేదు. అర్జీ మీద అర్జీ వేయగా వేయగా, దాదాపు 18 ఏళ్ల తర్వాత వారు ఇల్లు చేరారు. పసిపిల్లలుగా వదిలిపోయిన కూతుళ్లు పెళ్లీడుకు వచ్చేంత కాలం అది. కేరళలో కోళికోడ్ జిల్లాకు చెందిన ఒక డ్రైవరు 2006 నుంచి సౌదీ జైల్లో ఉండగా, కోటిన్నర రియాళ్ల పరిహారం కట్టడానికి 2024 ఏప్రిల్ నాటికి మలయాళీలు కులమతాలు చూడకుండా 34 కోట్ల రూపాయలు పోగుచేశారు. పది రూపాయలు వేసినవారు కూడా అందులో ఉన్నారు.

ఇంకొక దారి కూడా ఉంది. 2003 నాటి ఖైదీల బదిలీ చట్టం కింద, ఒప్పందం ఉన్న దేశాలనుంచి శిక్షపడ్డ ఖైదీని మిగిలిన శిక్ష మన జైల్లో అనుభవించడానికి తెచ్చుకోవచ్చు. సౌదీతో 2010లో, యు.ఎ.ఇ.తో 2011లో ఇలాంటి ఒప్పందాలు కుదిరాయి. విడుదల కాకపోయినా, తల్లి బతికి ఉండగా కొడుకు ముఖం చూస్తుంది.

వలలో పడ్డ జాలరులు, చదువులో పడ్డ పిల్లలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు పోయి పడవల మీద కూలికి పనిచేస్తారు. 2018 చివర వారిలో కొందరు సముద్రంలో హద్దు దాటారని పాకిస్తాను పట్టుకొని కరాచీ జైల్లో పెట్టింది. రెండు దేశాలు 2008లో చేసుకున్న ఒప్పందం ప్రకారం ప్రతి సంవత్సరం జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటాయి. జాబితాలో పేరు చేరితేనే ఆ మనిషి మనవాడని తేల్చే పని మొదలవుతుంది. అందుకు ఇక్కడినుంచి ఆధారు, రేషను కార్డు, ఊరి ధృవీకరణ వెళ్లాలి. 2020 జనవరి 6న వాఘా దగ్గర 20 మంది ఆంధ్ర మత్స్యకారులు ఈవలికి అడుగుపెట్టారు. పద్నాలుగు నెలల కాలంలో వారి భార్యలు కాగితాలు పట్టుకొని తిరగని ఆఫీసు లేదు.

చదువుకున్నవారికి ఈ బాధ లేదనుకుంటే పొరపాటు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ విశ్వవిద్యాలయం మీద దాడి జరిగినప్పుడు అందులో చేరినవారు ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019 జనవరి 30నుంచి ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. ఆ విశ్వవిద్యాలయం అమెరికా ప్రభుత్వ అధికారులే ఎరగా పెట్టిన బోర్డు. క్లాసులు లేవు, మాస్టార్లు లేరు. పిల్లలకు తెలిసే చేరారని ప్రభుత్వం వాదించింది, మోసపోయామని పిల్లలు అన్నారు. ఏదైనా, అమెరికాలో వలస నిర్బంధం సివిలు వ్యవహారం గనుక ప్రభుత్వం ఖర్చుతో వకీలును ఇవ్వరు. ఎవరికివారే పెట్టుకోవాలి. అప్పుడు అక్కడి తెలుగు సంఘాలు ముందుకు వచ్చి వకీళ్లతో సలహాలు ఇప్పించాయి, ఏ జైల్లో ఎవరున్నారో ఆరా తీసి తల్లిదండ్రులకు తెలియజేశాయి. మన రాయబార కార్యాలయం 24 గంటల ఫోను పెట్టింది. అధికారులు నిర్బంధ కేంద్రాలకు వెళ్లి పిల్లలను కలిశారు. వియన్నా ఒడంబడిక కాగితం మీదనుంచి దిగి పనిచేస్తే ఎలా ఉంటుందో అక్కడ కనిపించింది.

మనం చేయగలిగింది

ఇంత చరిత్ర చెప్పిన తర్వాత తేలేది మూడు మాటల్లో చెప్పవచ్చు. ఎక్కడ ఉన్నాడో తెలిసిన మనిషికి సాయం అందింది, తెలియని మనిషికి అందలేదు. మొదటి రోజుల్లో అడిగినవారికి దారి దొరికింది, ఆలస్యం చేసినవారికి మూసుకుపోయింది. ఒక్క ఇల్లు అడిగితే వినని ఆఫీసు, ఊరు అడిగితే విన్నది.

కబురు వచ్చిన ఇంటివారు మొదట చేయవలసింది ఏడుపు ఆపుకొని కాగితాలు వెతకడం. పాస్‌పోర్టు, వీసా, అక్కడి సివిల్ ఐడి లేదా అకామా నకళ్లు, యజమాని పేరు, ఫోను, ఏజెంటు లైసెన్సు నంబరు, చివరిసారి మాట్లాడిన తేదీ ఒక తెల్లకాగితం మీద రాయాలి. ఆ అర్జీ ఒకటి మన దౌత్య కార్యాలయానికి, ఒకటి విదేశాంగ శాఖ వారు 2015లో ప్రారంభించిన మదద్ విభాగానికి, ఒకటి కలెక్టరు గారికి, ఒకటి ఎ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీకి పంపాలి. న్యాయ సేవాధికార సంస్థ ఫోను 15100. అక్కడికి ఫోను చేసినా, ఏలూరులో కోర్టుకు పోయినా, అర్జీ రాయడానికీ మోసగించిన ఏజెంటు మీద కేసుకూ సహాయం చేస్తారు. డబ్బు అక్కరలేదు.

దౌత్య కార్యాలయం జైలు తాళం తీయలేదు. అది మనిషిని కలవగలదు, వకీలును చూపగలదు, తిరిగివచ్చే కాగితం ఇవ్వగలదు. 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధినుంచి అర్హులైన పేదలకు వకీలు ఖర్చు, చిన్న జరిమానాలు, టిక్కెట్టు ఇచ్చే వీలుంది. ఇది దానం కాదు, మనవాళ్లు అక్కడ కాన్సులర్ సేవలకు కట్టే రుసుముల్లోంచి పోగైన సొమ్ము. అడగడానికి మొహమాటం అవసరం లేదు.

ఇక సంఘం సంగతి. మన సంఘానికి వేలాది రూపాయల వకీలు ఫీజులు కట్టే స్తోమత లేదు. కానీ ఒక నోటుపుస్తకం కొనే స్తోమత ఉంది. మన మొహల్లానుంచి బయటి దేశం పోయే ప్రతి మనిషి, ఏ మతం వారైనా సరే, పోయేముందు తమ పాస్‌పోర్టు నకలు, పోయే ఇంటి చిరునామా, ఏజెంటు పేరు అందులో ఇచ్చి పోవాలని మేము ప్రతిపాదిస్తున్నాము. దాని పక్కనే, అరెస్టయితే "మా ఎంబసీకి చెప్పండి" అనే ఒక్క అరబ్బీ వాక్యం, ఒక్క ఇంగ్లీషు వాక్యం తెలిసినవారిచేత రాయించి వారికి నేర్పించి పంపాలి. వారిలో సగంమంది మా బళ్లలో చదివిన పిల్లల తల్లులే కాబట్టి ఆ నేర్పే పని ఉపాధ్యాయులం మేము తీసుకుంటాము.

చివరిగా ఒక్క మనవి. ఇల్లు వదిలి పోయిందన్న ఫిర్యాదు మీద పట్టుబడ్డ ఆడపడుచు నేరస్థురాలు కాదు. జీతం లేని చాకిరీనుంచి, దెబ్బలనుంచి బయటపడాలని తలుపు తీసుకున్న మనిషి. అటువంటి ఇంటి ముందు మన గుసగుసలు ఆగితే, ఆ తల్లి మొదటి రోజునే నోరు విప్పి సహాయం అడుగుతుంది. వకీలు, ఎంబసీ, అర్జీ అన్నీ ఆ తర్వాతి సంగతి.